ఆపిల్ మొక్కకు రెండు కడవలు

మా యజమాని నీలగిరి నుంచి తెచ్చిన ఆపిల్ మొక్కను చూసి, అది అసలు మొక్కేనా అని అనుమానించనివాడు పలకల షెడ్డులో ఒక్కడూ లేడు. తడిపిన గోనెలో చుట్టి, రైళ్ళు మార్చి మార్చి తెచ్చి, మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి ఎద్దుబండిలో ఊరు చేర్చిన ఆ వస్తువు మోకాలెత్తు ఎండుపుల్లలా ఉంది. ఒక్క ఆకు లేదు.

"పెద్దాయన్ని బాగా మోసం చేసినారు. పొయ్యిలోకి పనికొచ్చే పుల్లకు గోనె చుట్టి అంటగట్టినారు," అన్నాడు మేస్త్రి. రాయిని చీల్చి పలకలు తీసే పనివాళ్ళకు ఆయన పెద్ద. నన్ను అల్లుడూ అనేవాడు, నేను మామా అనేవాణ్ణి. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు, యజమానిని పెదనాయనా అన్నట్టే.

నేను గోటితో పుల్ల మీద తోలు కొంచెం గీరి చూపించాను. "చూడు మామా, లోపల పచ్చగా ఉండాది. చల్లని దేశాల చెట్లు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతాయి. పుస్తకంలో రాసినారు."

"హాయిగా నిద్రపోయేదాన్ని ఈ ఎండలోకి ఎందుకు లేపుకొచ్చినారు మరి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మొక్క మార్కాపురం రావడానికి కారణం నేనే.

బడిపిల్లలు రాసుకునే పలకలు తయారయ్యే ఆ షెడ్డులో నేను గుమాస్తాను. నాయన పోయాక ఐదో తరగతితో బడి మానేశాను. ఇంట్లో అమ్మా, నేనూ. సాయంత్రం షెడ్డు మూయగానే నేరుగా పఠనాలయానికి పోయేవాణ్ణి. అక్కడ రెండు బీరువాలు ఉండేవి. మొదటి బీరువా పై అరలో ఎడమవైపు పుస్తకంతో మొదలుపెట్టి, ఏదీ వదలకుండా వరసగా చదువుకుంటూ పోయాను. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషు పుస్తకాలు పట్టాను. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. హైస్కూలు చదువు పూర్తి చేసినవాళ్ళు కూడా ఒక్కోసారి ఏదైనా మాటకు అర్థం నన్నడిగేవాళ్ళు. అది నాకు ఎంతో గర్వంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ ఉంది.

రెండో బీరువాలో, అట్ట ఊడిపోయి ముందు పేజీలు చెదలు తినేసిన ఒక తోటపుస్తకం ఉండేది. రాసిన దొర ఎవరో తెలియదు. చల్లని ప్రాంతాల చెట్లను వేడి మైదానాల్లో పెంచడం ఎట్లాగో అందులో ఉంది. పడమటి ఎండ తగలకూడదు, వేరు చల్లగా ఉండాలి, పోసే నీళ్ళలో ఉప్పు ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే కొండల్లో పెరిగేది మైదానంలోనూ బతుకుతుందని ఆ దొర గట్టిగా చెప్పాడు. నేను ఆ సంగతి షెడ్డులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. యజమాని పలకల బేరానికి మద్రాసు పోయి, అటునుంచి ఆరోగ్యం కోసం నీలగిరి పోయినప్పుడు, నా నోరు మూయించడానికో తెరిపించడానికో ఆ మొక్క కొనుక్కొచ్చాడు.

"ఇదిగో నీ పుస్తకం. నాటి చూపించు," అన్నాడు.

షెడ్డు వెనక, పలకలు చీల్చగా మిగిలిన రాతిముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. వాటితో మొక్కకు పడమటివైపు నడుమెత్తు గోడ పేర్చాను. పైన జొన్నచొప్పతో చిన్న పందిరి వేశాను. మొక్క మొదట్లో మట్టి మీద ఎండుగడ్డి పరిచాను. ఇక మిగిలింది నీళ్ళు.

షెడ్డులో బావి లేదు. పలకలు రుద్దడానికి కావలసిన నీళ్ళు ఆడవాళ్ళే మోసుకొచ్చేవాళ్ళు. మొక్కకు నీళ్ళు తెచ్చే పని వాళ్ళలో ఒకామెకు అప్పగించాను. ఆమెది ఊరి చివర ఉన్న క్రైస్తవుల పల్లె. నాకన్నా పదేళ్ళు పెద్దది. అయినా నేను 'ఏమ్మే' అనే పిలిచేవాణ్ణి, ఆమె 'గుమాస్తయ్యా' అనేది. ఆ ఏడు వానలు లేవు. పొలాల్లో పని లేదు. హనుమంతునిపాడు వైపు నుంచి కూడా జనం నడిచి వచ్చి షెడ్డు గేటు దగ్గర పనికోసం కూర్చునేవాళ్ళు. ఆమె మొగుడు రాతిగనిలో పనిచేసి దగ్గు తెచ్చుకొని ఇంట్లో పడి ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. ఇల్లంతా ఆమె కూలి మీదే తింటున్నది. ఆమె చోటు ఖాళీ అయితే, గేటు దగ్గరున్నవాళ్ళలో ఎవరో ఒకరు మధ్యాహ్నంలోపే ఆ చోట కూర్చుంటారు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"దినామూ పొద్దున్నే రెండు కడవలు. మంచినీళ్ళు తేవాల. ఉప్పునీళ్ళు పనికిరావు," అని చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "మంచినీళ్ళా అయ్యా?"

"అవును."

"చెట్టుకా?"

"చెట్టుకే."

ఆమె గేటు దగ్గర కూర్చున్నవాళ్ళ వైపు చూసింది. తర్వాత, "సరే అయ్యా," అంది.

నేను ఆ మాట నా నోట్సు పుస్తకంలో రాసుకున్నాను కూడా: మంచినీళ్ళు, రెండు కడవలు. మొక్క సంగతి ఇంట్లో మాత్రం చెప్పలేదు. మా వీధి చివర ఉన్న మంచినీళ్ళ బావిలోనే నీళ్ళు అడుగుకు పోయాయి. కరువులో చెట్టుకు నీళ్ళు పోయిస్తున్నానంటే అమ్మ ఊరుకోదు.

మాఘమాసం చివర్లో పుల్ల కణుపుల దగ్గర ఎలక చెవుల్లాంటి ఆకులు విచ్చుకున్నాయి. యజమాని వచ్చి కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు. కనిగిరి నుంచి పలకల చట్రాలకు కర్ర తెచ్చిన బండివాడు కూడా వెనక్కు వచ్చి చూసి పోయాడు. "ఏంది అల్లుడూ, నీ సీమచెట్టు ఈ పొద్దు అన్నం తిన్నదా?" అని మేస్త్రి దినామూ పలకరించేవాడు. పలకలు రుద్దే ఆడవాళ్ళు ఆదివారం బడిలో చూసిన బొమ్మను గుర్తు చేసుకున్నారు. అందులో ఆదామూ హవ్వా ఆపిల్ పండే పట్టుకొని ఉంటారట. "చెట్టుకు పాము చుట్టుకోని ఉంటాది గుమాస్తయ్యా, చూసుకోండి," అని ఒకామె అంటే, నీళ్ళు తెచ్చే ఆమె తప్ప అందరూ నవ్వారు. ఆమె నవ్వకపోవడం నేను గమనించాను. అప్పటికి అందులో తప్పేమీ కనిపించలేదు.

ఫాల్గుణం నడిమికి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. వారం గడిచేసరికి అంచులు నిప్పులో పెట్టి తీసినట్టు మాడాయి. పందిరి మీద ఇంకొంచెం చొప్ప కప్పాను. లాభం లేదు. పుస్తకం దగ్గరికి పరిగెత్తాను. ఆకు నడిమిభాగం పచ్చగా ఉండి అంచులు మాత్రం మాడితే, అది ఎండ దెబ్బ కాదు, మట్టిలో ఉప్పు చేరిందని అర్థం అని అందులో స్పష్టంగా ఉంది.

మరునాడు మొక్క మొదట్లో చిటికెడు మట్టి తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. నాలుగు వైపుల నుంచీ తీసి చూశాను. నాలుగూ ఉప్పే. పదడుగుల దూరంలో మట్టి తీసి చూశాను. చప్పగా ఉంది.

దాంతో నాకు ఒకటే తోచింది. ఎవరో కావాలని ఉప్పు వేస్తున్నారు.

మొదట మేస్త్రిని అనుమానించాను. మొక్క బతికితే అందరికన్నా ఎక్కువ ఓడిపోయేది ఆయనే. "నా మొక్కలో ఉప్పు ఎట్లొచ్చింది మామా?" అని ఆయన కళ్ళలోకి చూస్తూ అడిగాను.

"ఒంగోలు సముద్రం వచ్చిందేమో, నీ చెట్టును చూసి పోదామని," అన్నాడు ఉలి ఆపకుండా. ఆయన నాకన్నా ముందు షెడ్డుకు రాడు, నాకన్నా తర్వాత పోడు. ఆయన పేరు కొట్టేశాను.

ఇక మొక్క దగ్గరికి దినామూ పోయేది ఒక్కామె. ఆమెను కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. చూసేకొద్దీ అనుమానం బలపడింది. కొన్నాళ్ళు పొద్దెక్కి వచ్చేది, కొన్నాళ్ళు అందరికన్నా ముందే వచ్చేది. నీళ్ళు పోసేటప్పుడు ఎవరైనా చూస్తున్నారా అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగేది. "నీళ్ళు మంచివేనా?" అని అడిగితే, "పోసినానయ్యా," అనేది గాని "మంచివే" అని చెప్పేది కాదు. ఆ బొమ్మలో పాము కూడా గుర్తొచ్చింది. పాపపు చెట్టని పల్లెలో ఎవరైనా చెప్పి ఉంటారు, అందుకే చంపుతున్నదని ఊహించుకున్నాను. అన్నీ రాసుకున్నాను. రాసుకున్నది మళ్ళీ చదువుకుంటే, అచ్చులో చూసినంత నిజంగా కనిపించింది.

ఒక గురువారం ఆమె వంగి కడవ దించుతుంటే చీర కొంగున గట్టిగా ముడివేసిన మూట కనిపించింది.

"ఏమ్మే, ఆ ముడిలో ఏముండాది?"

"ఏం లేదయ్యా. ఉప్పు."

"విప్పు."

విప్పింది. చిటికెడు రాళ్ళుప్పు, ఒక పచ్చిమిరపకాయ.

"ఉప్పు ఎందుకు తెస్తాండావు?"

"సంగటిలోకయ్యా. ఎవరు తేరు?"

రాయి చీలుస్తున్న మేస్త్రి తలెత్తాడు. "నా రుమాల్లో గూడ ఉండాది అల్లుడూ. నన్ను గూడ పట్టుకుంటావా?"

నేను వినిపించుకోలేదు. ఆమెను యజమాని ముందుకు రమ్మన్నాను. ఆకులు, మట్టి, పుస్తకంలోని మాట, కొంగులో ఉప్పు, అన్నీ వరసగా చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, చెబుతున్నంతసేపూ నాకు ఒక విధమైన సంతోషం కూడా కలిగింది. ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరితోనూ అనలేదు.

"ఏమ్మా, ఏమంటావు?" అన్నాడు యజమాని.

"నేను ఉప్పు వెయ్యలేదయ్యా. తెచ్చిన నీళ్ళే పోసినా."

"మంచినీళ్ళేనా?" అన్నాను నేను.

ఆమె నేలచూపులు చూసింది. నేను యజమాని వైపు తిరిగి, చూశారా అన్నట్టు నిలబడ్డాను.

అప్పుడామె నా వైపు చూసి అడిగింది: "అయ్యా, నేను ఉప్పు వేసినానని మీ పుస్తకంలో రాసుండాదా?"

యజమాని కాసేపు గేటు వైపు చూశాడు. అక్కడ కూర్చున్నవాళ్ళు మెడలు చాచి వింటున్నారు. "చెట్టు నీది, మాట నీది," అన్నాడు నాతో. "శనివారం దాకా చూడు. నిజమే అని నువ్వంటే, ఆమె చోట్లో ఇంకొకరిని పెట్టుకుందాం."

శుక్రవారం తెల్లవారగానే లేచి, మా వీధి మలుపులో గోడ పక్కన నిలబడ్డాను. నీళ్ళు తెచ్చుకునే దారిలోనే ఆమె ఎక్కడో ఉప్పు కలుపుతున్నదని, కళ్ళారా చూస్తే ఇక సందేహం ఉండదని నా ఉద్దేశం.

ఆమె రెండు మట్టికడవలతో వచ్చింది. బావి దగ్గరికి పోలేదు. బావికి ఇరవై అడుగుల ఇవతల ఒక రాతిబండ ఉంది. దాని పక్కన కడవలు దించి నిలబడింది. ఆ బండను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అది అక్కడ ఎందుకుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

బావి చుట్టూ మా వీధి ఆడవాళ్ళు తాడుకు తాడు ముడివేసి తోడుతున్నారు.

"అమ్మా, ఒక్క చేద పొయ్యండమ్మా," అంది ఆమె.

"మాకే అందడం లే. నీకేడ పోసేదే?"

"నాక్కాదమ్మా. గుమాస్తయ్య చెట్టుకు."

బావి దగ్గర ఒకావిడ వెనక్కి తిరిగింది. మా అమ్మ.

"ఏందే, మా వాని పేరు చెప్తాండావు? మా వానికి చెట్టేంది? ఉంటే నాకు చెప్పడా? నీతో తెప్పిచ్చుకుంటాడా? మొన్న గూడ ఇట్లనే చెప్పి ఒక కడవ పోయిచ్చుకోని పోయినావు. ఎవురికి అమ్ముకున్నావో ఏమో!"

"అయ్యనే అడగండమ్మా."

"అడుగుతాలే. పో, పో. పొద్దున్నే దొంగమాటలు."

నేను నాలుగు అడుగులు ముందుకు వేస్తే చాలు. వేయలేదు. అమ్మ ముందు మొక్క సంగతి ఒప్పుకోవాలి, అంతమంది ఆడవాళ్ళ ముందు ఆమె మాట నిజమనాలి. గోడకు ఇంకొంచెం ఆనుకున్నాను. ఆమె ఇంకా కొంతసేపు నిలబడింది. ఇద్దరు ముగ్గురు నీళ్ళు తీసుకొని ఆమె పక్కనుంచే పోయారు. తర్వాత ఖాళీ కడవలు ఎత్తుకొని పల్లె వైపు నడిచింది.

నేను వేరే దారిన షెడ్డుకు పోయి మొక్క దగ్గర నిలబడ్డాను. ఇంకా ఎవరూ రాలేదు. ఆమె నిండు కడవలతో వచ్చి, నన్ను చూసి ఆగింది.

"పొయ్యొద్దు. ఉండు," అని కడవలో చెయ్యి ముంచాను.

"అయ్యా! ముట్టుకోవాకండయ్యా! నా కడవ!" ఆమె నా మొహం చూడలేదు, గేటు వైపు చూసింది. "ఎవరన్నా చూస్తే నా మీదికొస్తారు!"

నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. ముందు ఉప్పు తగిలింది, మింగాక గొంతులో చేదు మిగిలింది. మట్టిని నాలుగుసార్లు నాలుక మీద పెట్టుకోవడానికి జంకని నాకు, ఆ కడవలో నీళ్ళు రుచి చూడాలని అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు.

"ఉప్పునీళ్ళు గదా ఇవి?"

"మా పల్లె బావివయ్యా."

"నేను మంచినీళ్ళు తెమ్మన్నా గదా?"

"తెమ్మన్నారు. ఎవరు తోడిపోస్తారో చెప్పలేదు."

"మరి ఆ పొద్దు సరే అంటివే?"

"కాదంటే పనుంటాదా అయ్యా?" కడవ అంచు కొంగుతో తుడుచుకుంటూ అంది. "ఎవరన్నా పోస్తే మంచివే తెచ్చినా. పొయ్యని పొద్దు ఇవి. మా పిల్లోళ్ళు తాగేది ఇవే. వాటికి చెట్టు చస్తాదని నాకేం తెలుసు?"

శనివారం యజమాని అందరి ముందే అడిగాడు. "ఏం తేల్చినావు?"

ఆమె పలక రుద్దుతూనే ఉంది. చెయ్యి మాత్రం ఒకే చోట తిరుగుతున్నది.

"ఆమె ఉప్పు వెయ్యలేదు పెదనాయనా. నీళ్ళలోనే ఉండాది. పల్లె బావి నీళ్ళు."

"నీకెట్ల తెలుసు? ఆమె చెప్పిందా?"

ఆమె చెప్పిందంటే ఆయన నమ్మడు. రెండురోజుల కింద ఆమె మాట నమ్మవద్దని ఆయనకు నేర్పింది నేనే. బావి దగ్గర చూశానంటే, చూస్తూ ఏం చేశావని అడుగుతాడు.

"రుచి చూసినా."

"ఏ కడవలోవి?"

మేస్త్రి ఉలి చప్పుడు ఆగింది.

"ఆమె కడవలోవే."

యజమాని నా వైపు అదోలా చూశాడు. తర్వాత లెక్కల పుస్తకం మూసి, "పుస్తకాలు చదివి చదివి ఇట్లయినావు," అన్నాడు. "ముందు ఇంటికి పోయి తలకు పోసుకో. ఆమెను పని చేసుకోనీ."

గేటు దగ్గరివాళ్ళు మళ్ళీ చతికిలబడ్డారు. ఆమె తల ఎత్తలేదు.

సంగతి నాకన్నా ముందే ఇంటికి చేరింది. అమ్మ మూడురోజులు నాకు వసారాలో ఆకు వేసి, ఎత్తి వడ్డించింది. కడవ గురించి ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు మాత్రం, "చెట్టు పెట్టినావని నాతో ఒక్క మాట అని ఉంటే దాన్ని అట్ల తిట్టేదాన్నా?" అంది. ఎంతవరకు నిజమో నాకు తెలియదు. నీళ్ళు పోసేదో లేదో కూడా తెలియదు.

ఆ తర్వాత మంచినీళ్ళు నేనే మోశాను. రెండు బిందెలు, వీధిలో అందరూ చూస్తుండగా. "అల్లుడు కాపురానికి పోతాండాడు," అనేవాడు మేస్త్రి. వేరు చుట్టూ చేరిన ఉప్పును కడగడానికి ఇంకా ఎన్నో బిందెలు కావాలని పుస్తకం చెప్పింది. ఆ ఏడు అన్ని నీళ్ళు మార్కాపురంలో ఎవరికీ లేవు. చైత్రం పోయేసరికి మిగిలిన ఆకులు రాలాయి. ఇది నిద్రే అయి ఉంటుందని కొన్నాళ్ళు చూసి, చివరికి గోటితో గీరాను. లోపల పచ్చ లేదు.

పఠనాలయంలో ఆ పుస్తకం మళ్ళీ తీసి, నీళ్ళ గురించిన పేజీ పక్కన పెన్సిలుతో రాశాను: ఏ బావి, ఎవరు తోడాలి? ఆ దొరకు నీళ్ళు తెచ్చి పోసిందెవరో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. పుస్తకాల మీద రాతలు రాస్తున్నానని పఠనాలయం పెద్ద నన్ను గట్టిగా మందలించాడు. తప్పు ఒప్పుకున్నాను గాని, రాత చెరపలేదు.

ఆమె పని పోలేదు. నేను షెడ్డు మానేసేదాకా ఆమె అక్కడే పలకలు రుద్దింది. కానీ ఆ శనివారం తర్వాత ఆమె కొంగున ఉప్పుమూట ఎప్పుడూ కనిపించలేదు. మధ్యాహ్నం సంగటి చప్పగానే తినేది. పక్కామె తన మూటలోంచి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేది. చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. వానలు పడి, పొలాల్లో పనులు మొదలై, గేటు దగ్గర జనం పలచబడ్డాక ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఉప్పు తెచ్చుకోవచ్చు గదా. చెట్టు గూడ పాయె."

ఆమె ముద్ద మింగి, నీళ్ళు తాగి, గిన్నె కడుక్కుంది.

"ఇంకో చెట్టు తెస్తారేమోనయ్యా," అంది.